రెండో కాన్పుకు ముహూర్తం పెట్టేశారు, నన్నెవరూ అడగలేదు

ప్రశ్న: నమస్కారం అమ్మా. మా పుట్టిల్లు ఆంధ్రాలోని పాతపట్నం, అత్తవారిల్లు సరిహద్దు అవతల ఒడిశాలోని పర్లాకిమిడి. నా వయసు 26. పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలు. ఆ కాన్పుకు రాత్రిపూట నొప్పులతో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. ఒడియాలో, ఇంగ్లీషులో ఉన్న నాలుగైదు కాగితాలు తెచ్చి మా మామగారి చేత సంతకాలు పెట్టించుకున్నారు. తెల్లవారేసరికి పెద్దాపరేషన్ అయిపోయింది. ఎందుకు చేశారో నాకు ఈ రోజుకీ తెలీదు. ఇప్పుడు మళ్లీ ఆరో నెల. మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే అని అందరూ తేల్చేశారు. అత్తయ్యగారు పంతులుగారి చేత ముహూర్తం కూడా పెట్టించారు. నేను లెక్క చూసుకుంటే అది 37వ వారంలో పడుతోంది. పనిలో పనిగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా చేయించేద్దామంటున్నారు. నాకు ఈసారి నార్మల్‌కు ప్రయత్నించాలని ఉంది. ఫోన్‌లో బర్త్ ప్లాన్ అనేది చూశాను, కాన్పు ఎలా జరగాలనుకుంటున్నామో ముందే రాసి పెట్టుకునే కాగితం అట. మనలాంటి ఊళ్లలో అలాంటి కాగితం పట్టుకెళితే “అన్నీ నీకే తెలిస్తే నా దగ్గరికెందుకొచ్చావు” అంటారేమోనని భయం. మా ఆయన మంచివారే, కానీ వాళ్లమ్మ ముందు నోరు విప్పరు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, నా కూతురి ఈడుదానివి కనుక నువ్వు అనే రాస్తాను, ఏమీ అనుకోకు. నీ ఉత్తరంలో “ఎందుకు చేశారో నాకు ఈ రోజుకీ తెలీదు” అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. కోత నీ ఒంటి మీద ఉంది, దాని కారణం మాత్రం నీకు ఎవరూ చెప్పలేదు.

మాది బరంపురం. గంజాం, గజపతి జిల్లాల్లో సర్కారు ఆసుపత్రుల లేబర్ రూముల్లో ముప్పై ఏళ్లు నర్సుగా చేశాను. “ఏఠి సహి కరంతు” (ఇక్కడ సంతకం పెట్టండి) అంటూ ఎంతమంది ముందు కాగితం పెట్టానో లెక్కలేదు. ఒడియా చదవడం రాని మన తెలుగువాళ్లు, ఒడియా, తెలుగు రెండూ సరిగా రాని సవర అమ్మాయిలు, నొప్పులు పడుతూ నేను వేలు చూపించిన చోట సంతకమో వేలిముద్రో పెట్టేవాళ్లు. కాగితాల వరకు అంతా సక్రమంగానే ఉండేది. లోపలికి వెళ్తున్న ఆ పిల్లకు మాత్రం తనకేం చేయబోతున్నారో తెలిసేది కాదు. పని తొందరలో అది తప్పని నాకు అప్పుడు తోచలేదు. ఇప్పుడు వాళ్ల మొహాలు గుర్తొస్తే బాధగా ఉంటుంది. అందుకే నీకు ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ముందు ఆ సంతకం సంగతి. సంతకం వేరు, ఒప్పుకోవడం వేరు. ఏం చేయబోతున్నారు, ఎందుకు, చేస్తే ఏ ఇబ్బంది రావచ్చు, చేయకపోతే ఏమవుతుంది, ఇంకో దారి ఉందా అన్నవి నీకు అర్థమయ్యే భాషలో చెప్పాక నువ్వు “సరే” అంటే అది ఒప్పుకోవడం. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని చాలా స్పష్టంగా చెప్పింది. లోపల ఏముందో చూసే పరీక్ష కోసం ఆమెకు మత్తు ఇచ్చారు. ఆమె మత్తులో ఉండగానే బయట ఉన్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. ఆమె మేజరు, మత్తు దిగాక తన సంగతి తానే చెప్పగలదు, ఆగితే ప్రాణం పోయే పరిస్థితి కూడా కాదు, కాబట్టి తల్లి ఇచ్చిన అనుమతి చెల్లదని కోర్టు తేల్చింది. కన్నతల్లి అనుమతే చెల్లనప్పుడు మామగారిది ఎలా చెల్లుతుంది? నువ్వు స్పృహలో ఉండి మాట్లాడగలిగినంతసేపు మామగారు సాక్షిగా సంతకం పెట్టొచ్చు, నీ బదులు పెట్టడానికి లేదు. ప్రాణం మీదికి వచ్చి, నువ్వు మాట్లాడలేని స్థితిలో ఉంటే మాత్రం డాక్టరు ఎవరి సంతకం కోసమూ ఆగనక్కర్లేదు.

అలాగని మొదటి ఆపరేషన్ అనవసరంగా చేశారని నేను అనడం లేదు. మీ పాప ప్రాణం నిలబెట్టింది అదే కావచ్చు. చెప్పకుండా చేయడమే తప్పు. ఆ తప్పు వల్ల ఇప్పుడు ఇంకో నష్టం కూడా ఉంది. మొదటి ఆపరేషన్ ఎందుకు చేశారో తెలియకుండా ఈసారి ఏం చేయాలో ఏ డాక్టరూ సరిగా చెప్పలేరు.

అందుకే ఈ వారంలోనే ఆ ఆసుపత్రి డిశ్చార్జి కాగితం వెతుకు. బీరువాలో, పాప టీకా కార్డు ఉన్న కవరులో ఉండొచ్చు. దొరక్కపోతే ఆసుపత్రికి వెళ్లి, కేసు షీటు కాపీ కావాలని కాగితం మీద రాసి ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తీసుకో. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. అదే నిబంధనల్లో, రికార్డులను వైద్యం మొదలైన రోజు నుంచి మూడేళ్ల పాటు దాచాలని ఉంది. మీ పాపకు రెండేళ్ల ఎనిమిది నెలలన్నావు. అంటే నీ చేతిలో ఉన్నది ఇంకో నాలుగు నెలలే. రేపు మాపు అనుకోకుండా వెళ్లు.

ఆ కాగితంలో ‘ఇండికేషన్’ అన్న మాట పక్కన కారణం రాసి ఉంటుంది. ‘బ్రీచ్’ అంటే బిడ్డ కాళ్లో పిర్రలో కిందికి ఉన్నాయని. ‘ఫీటల్ డిస్ట్రెస్’ అంటే బిడ్డ గుండె చప్పుడులో తేడా వచ్చిందని. ఈ రెండూ ఆ కాన్పుకు సంబంధించినవి, మళ్లీ రావాలని లేదు. ‘నాన్ ప్రోగ్రెస్’ అంటే నొప్పులు వస్తున్నా గర్భసంచి మూతి తెరుచుకోవడం ముందుకు సాగలేదని. ఇది రాసి ఉంటే ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగిందో కూడా చూడు. మా రోజుల్లో గంటకు ఒక సెంటీమీటరు తెరుచుకోవాలని లెక్క పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ లెక్క అందరికీ వర్తించదని, 5 సెంటీమీటర్లు దాటాకే అసలు నొప్పులు ఊపందుకున్నట్టని, మొదటి కాన్పులో అక్కడి నుంచి 12 గంటల వరకు పట్టొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. నీది 3 సెంటీమీటర్ల దగ్గర “ముందుకు సాగలేదు” అని రాసి ఉంటే, నీ ఒంటికి కాన్పు చేతకాదని దాని అర్థం కాదు.

కాగితంలో చూడాల్సింది ఇంకొకటి ఉంది. గర్భసంచి మీద కోత అడుగు భాగంలో అడ్డంగా పెట్టారా, పైకి నిలువుగా పెట్టారా అన్నది. పైన చర్మం మీది కోత చూసి లోపలిది చెప్పలేం. ‘ఎల్‌ఎస్‌సీఎస్’ అని ఉంటే మామూలుగా అడుగున అడ్డంగా పెట్టినట్టే. నిలువు కోత అయితే నార్మల్ ఆలోచన మానుకో, అందులో ప్రమాదం చాలా ఎక్కువ.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. మొదటిది ఆపరేషన్ అయితే రెండోదీ ఆపరేషనే అన్నది నిజం కాదు. ఒకే ఒక అడ్డకోత ఉండి, బిడ్డ తల కిందికి ఉండి, మాయ సరైన చోట ఉండి, వేరే ఇబ్బంది లేని తల్లులు ప్రయత్నిస్తే నలుగురిలో దాదాపు ముగ్గురికి నార్మల్ అవుతుంది. నీకు రెండు కాన్పుల మధ్య దాదాపు మూడేళ్లు ఉంటుంది, అది కూడా మంచిదే. రెండో వైపు కూడా తెలుసుకోవాలి. ఇలా ప్రయత్నించే 200 మందిలో దాదాపు ఒకరికి పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లుతుంది. అది చాలా తక్కువ, కానీ జరిగితే తల్లికీ బిడ్డకీ నిమిషాల మీద ప్రాణాపాయం. నొప్పులు రావడానికి మందులు పెడితే ఈ ప్రమాదం పెరుగుతుంది. సగం దూరం వెళ్లాక ఆపరేషన్ చేయాల్సి రావడమూ ఉంటుంది, నొప్పులు రాకముందే అనుకుని చేసినదాని కంటే అది కొంచెం కష్టం.

రెండోసారి కూడా సిజేరియనే చేయించుకుంటే కుట్టు చిట్లే భయం దాదాపు ఉండదు. కానీ కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది. ప్రతి ఆపరేషన్‌తోనూ తర్వాతి కాన్పులో మాయ పాత కుట్టు మీద అతుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇద్దరితో చాలనుకునేవాళ్లకు ఈ చివరిది అంత పెద్ద సంగతి కాదు. అన్నీ తెలుసుకుని “నాకు ఆపరేషనే నయం” అని నువ్వు అనుకున్నా నేను సంతోషిస్తాను. అది నువ్వు ఎంచుకున్నది అవుతుంది కదా.

“అందరికీ ఆపరేషన్లేగా” అని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఒడిశాలో నూటికి 21.6 కాన్పులు సిజేరియన్లు, ఆంధ్రాలో 42.4. ఒక్క ఒడిశాలోనే సర్కారు ఆసుపత్రుల్లో నూటికి 15, ప్రైవేటులో 70. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరం? ఆ కాస్త దూరంలో ఆడవాళ్ల ఒళ్లు మారిపోదు. ప్రైవేటుకు వెళ్లే ఆడవాళ్లు వేరే రకం మనుషులూ కాదు. ఎక్కడ కంటున్నామన్నదాన్ని బట్టి ఎలా కంటామన్నది ఇంతగా మారుతోందంటే, ఆసుపత్రిని ఎంచుకునేటప్పుడే సగం నిర్ణయం అయిపోతోందన్నమాట.

కాబట్టి ఆసుపత్రిని చూసుకోవడం దగ్గర టైమ్ పెట్టు. నీలాంటి కాన్పు చిన్న ఆసుపత్రిలో, ఆపరేషన్ థియేటరు లేని చోట చేయకూడదు. వెళ్లిన చోట ఇలా అడుగు: “రాత్రి రెండు గంటలకు ఆపరేషన్ అవసరమైతే ఎంతసేపట్లో మొదలుపెట్టగలరు? మత్తు డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? రక్తం ఇక్కడే దొరుకుతుందా? మొదటిది సిజేరియన్ అయినవాళ్లకు ఇక్కడ నార్మల్ చేస్తుంటారా?” రాత్రి మత్తు డాక్టరు ఉండరని ఎవరైనా నిజాయితీగా చెప్పి, అందుకే నార్మల్‌కు ప్రయత్నించలేమంటే ఆ డాక్టరును తప్పుపట్టకు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం కూడా మర్యాదే. అప్పుడు వేరే చోటు చూసుకోవాలి. బరంపురం మెడికల్ కాలేజీ నీకు నూరు కిలోమీటర్ల పైమాటే, శ్రీకాకుళం దాదాపు అందులో సగం. నొప్పులు మొదలయ్యాక ఇంత దూరం వెళ్లడం నీ విషయంలో మంచిది కాదు. తొమ్మిదో నెల నిండుతుండగానే ఆ ఆసుపత్రికి దగ్గరగా ఉన్న చుట్టాలింటికి చేరిపో. కొండ ఊళ్ల నుంచి ఈ జవాబు చదివేవాళ్లు ఉంటే, ఒడిశాలో కొన్నిచోట్ల ‘మా గృహ’ అని ఉంది, కాన్పు తేదీకి ముందే వచ్చి ఉండే చోటు. మీ ఆశా దీదీని అడగండి.

సరిహద్దులో ఉన్నవాళ్లకు కార్డుల బాధ ఒకటి. ఆరోగ్య కార్డు ఒక రాష్ట్రానిది ఇంకో రాష్ట్రంలో పనిచేస్తుందని ముందే అనుకోకు, ఆసుపత్రిలో కనుక్కో. సర్కారు ఆసుపత్రి అయితే ఏ రాష్ట్రమైనా కాన్పు ఉచితమే. 2011లో వచ్చిన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం, తిండి, ఇంటికి దింపే బండి అన్నీ అందులోనే. గర్భిణులకు, బాలింతలకు ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మమతా పథకం డబ్బులకు ఇబ్బంది రాకుండా, పుట్టింట్లో కంటే ఆ సంగతి ఇక్కడి ఆశా దీదీకి ముందే చెప్పి ఉంచు.

ముహూర్తం గురించి. అత్తగారి మీద కోపం పెట్టుకోకు. బిడ్డ మంచి ఘడియలో పుట్టాలనేగా ఆమె తాపత్రయం. కానీ 37వ వారం మాత్రం వద్దు. బిడ్డ ఊపిరితిత్తులు గట్టిపడేది ఆ చివరి వారాల్లోనే. నొప్పులు రాకుండా అప్పుడే కోసి తీస్తే, 39 వారాలు నిండిన పిల్లల కంటే ఈ పిల్లలకు ఆయాసం ఎక్కువగా వస్తుంది. ముహూర్తానికి సరిగ్గా పుట్టి, తల్లి మొహం చూడకుండా నాలుగేసి రోజులు పసిపిల్లల ప్రత్యేక వార్డు అయిన ఎస్‌ఎన్‌సీయూలో ఆక్సిజన్ మీద ఉన్న పిల్లల్ని నా చేతులతో ఎత్తుకున్నాను. బయట బెంచీ మీద నాయనమ్మలు ఏడుస్తూ కూర్చునేవారు. బీపీ, షుగర్, మాయ కిందికి ఉండడం వంటి కారణంతో డాక్టరే ముందుగా తీయాలంటే అది వేరు. అత్తగారితో ఇలా అను: “39 వారాలు నిండాక ఉన్న రోజుల్లో మంచివి చూడమనండి అత్తయ్యా. ఆపరేషనే అయితే అందులో ఒకటి తీసుకుందాం. ఈలోపు నొప్పులొస్తే దేవుడు పెట్టిన ముహూర్తం అనుకుందాం.” వారాల లెక్క మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్‌ను బట్టి చూసుకో, ఆ లెక్కే నమ్మదగ్గది. వచ్చే చెకప్‌కు అత్తగారిని కూడా వెంట తీసుకెళ్లి, ఈ ఊపిరితిత్తుల మాట డాక్టరు నోటే చెప్పించు. కోడలు చెబితే వాదం అనిపించేది డాక్టరు చెబితే సలహా అవుతుంది.

ఇక బర్త్ ప్లాన్. ఇది 1980 ప్రాంతాల్లో అమెరికా, బ్రిటన్‌లలో మొదలైన అలవాటు. పేరు కొత్తగా ఉందని భయపడకు. ఆ రాత్రి నువ్వు మాట్లాడలేవు కనుక ముందే మాట్లాడుకుని, ఆ మాటలు ఒక పేజీలో రాసి పెట్టుకోవడమే. పేజీ దాటితే ఎవరూ చదవరు, నేనైనా చదివేదాన్ని కాదు. దాన్ని నొప్పుల రోజు తీసుకెళ్లి ఇస్తే గొడవే అవుతుంది. ఏడో నెలలో, ఓపీ రద్దీ తగ్గాక ఇవ్వు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులను డాక్టరు ఉచితంగా చూసే కార్యక్రమం 2016 నుంచి ఉంది, ఆ రోజైనా సరే. ఇస్తూ ఈ మాట అను: “మీ మాట కాదనడానికి కాదు డాక్టరుగారూ. ఆ టైమ్‌లో నాకు నోరు పెగలదు, అందుకని ముందే అడుగుతున్నాను. ఇందులో కుదరనివి ఏవో చెప్పండి.” చాలామంది డాక్టర్లు ఇలా అడిగితే మెత్తబడతారు. ఒక్క చేత్తో నలభై మందిని చూస్తూ, ఏదైనా జరిగితే చుట్టాలు కొడతారన్న భయంతో పనిచేసే మనుషులు వాళ్లు. ముందే అన్నీ అర్థం చేసుకున్న తల్లి వాళ్లకూ ధైర్యమే. అయినా కసురుకున్నారనుకో, ఏడో నెలలోనే తెలిసిపోవడం మేలు. ఇంకొకరిని చూసుకోవడానికి టైమ్ ఉంటుంది.

నేనైతే ఇలా రాస్తాను, నీకు తగ్గట్టు మార్చుకో:

“నాకిది రెండో కాన్పు. మొదటిది సిజేరియన్, కారణం ఫలానా. ఈసారి నార్మల్‌కు ప్రయత్నించాలని ఉంది. నాకు గానీ బిడ్డకు గానీ ప్రమాదం అనిపిస్తే సిజేరియన్‌కు సిద్ధమే, కారణం నాకు తెలుగులో చెప్పండి. నాకు తెలుగు వచ్చు, ఒడియా చదవలేను. నొప్పులప్పుడు మా అమ్మను నా పక్కన ఉండనివ్వండి. వీలైనంతసేపు కూర్చోనివ్వండి, నిలబడనివ్వండి, పక్కకు తిరిగి పడుకోనివ్వండి. నొప్పుల సూది గానీ సెలైన్ గానీ పెట్టే ముందు నాకు చెప్పండి. కింద కోత తప్పనిసరైతేనే, నాకు చెప్పాకే. పొట్ట మీద నొక్కవద్దు. బిడ్డ బాగుంటే కనీసం ఒక నిమిషం ఆగి బొడ్డుతాడు కత్తిరించి, నా గుండెల మీద వేయండి. ఆపరేషన్ అయినా సరే, వీలైనంత తొందరగా బిడ్డను నా దగ్గరికి తెచ్చి పాలు పట్టించండి.”

ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు. మామూలు కాన్పులో అందరికీ కింద కోత పెట్టవద్దని, పొట్ట మీద నొక్కవద్దని, ఎనిమా, షేవింగ్ వంటివి అలవాటుగా చేయవద్దని, తోడు ఉండనివ్వాలని నేను పైన చెప్పిన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల్లోనే ఉంది. మాకు మాత్రం మొదటి కాన్పు అంటే కోత తప్పదనే నేర్పారు. ఒక్క ముక్క చెప్పకుండా కత్తెర పెట్టిన చేతులు నావి. కుట్లు మానక నెలల తరబడి సరిగా కూర్చోలేకపోయిన వాళ్లు తర్వాత ఓపీలో కనిపించి “అక్కా, అప్పుడు నాకేం చేశారు” అని అడిగితే తలెత్తలేకపోయాను. ఇక కూర్చుని, నిలబడి నొప్పులు పడడం మనకు కొత్తా? మా అమ్మమ్మ దూలానికి కట్టిన తాడు పట్టుకుని కన్నదట. వెల్లకిలా పడుకోబెట్టడం మాలాంటివాళ్ల సౌకర్యం కోసం వచ్చింది. అయితే నీకు పాత కుట్టు ఉంది కనుక బిడ్డ గుండె చప్పుడు ఎడతెగకుండా చూడాలి. పొట్టకు బెల్టు కడితే తిరగడం కుదరదు. ఆ ఒక్కచోట నువ్వే సర్దుకో, ఆ బెల్టు నీ బిడ్డకు కాపలా.

అమ్మ పక్కన ఉండడం గురించి గట్టిగానే అడుగు. సర్కారు ఆసుపత్రుల్లో కాన్పు వేళ తోడు మనిషిని ఉండనివ్వాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016 ఫిబ్రవరిలోనే చెప్పింది. కాన్పు అనుభవం ఉన్న ఆడమనిషి అయి ఉండాలన్నారు. చాటు ఉన్న చోట భర్తను కూడా రానివ్వొచ్చు. పక్కన తన మనిషి ఉన్న తల్లి మీద ఎవరూ కేకలు వేయరు, నేను కళ్లారా చూశాను. ఇరుకు గదిలో నలుగురు నొప్పులు పడుతుంటే లోపలికి రానివ్వడం కష్టమే, అది కూడా నిజం. అందుకే ముందే అడిగి ఉంచుకోవాలి.

నొప్పుల్లో ఉండగా ఎవరైనా ఏదైనా చేయబోతే అమ్మ నాలుగు మాటలు అడిగితే చాలు. ఎందుకు? చేయకపోతే ఏమవుతుంది? వేరే దారి ఉందా? కాసేపు ఆగొచ్చా? చాలాసార్లు ఆగొచ్చు అనే జవాబు వస్తుంది. ఆగకూడని వేళలు కూడా ఉన్నాయి: బిడ్డ కంటే ముందు బొడ్డుతాడు జారినప్పుడు, రక్తం ఎక్కువగా పోతున్నప్పుడు, ఫిట్స్ వచ్చినప్పుడు, బిడ్డ గుండె చప్పుడు పడిపోతున్నప్పుడు. అప్పుడు “ఎందుకు” ఒక్కటే అడిగి దారివ్వమని అమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచు. నీకు నొప్పికీ నొప్పికీ మధ్య కూడా పాత కుట్టు దగ్గర నొప్పి ఆగకుండా ఉన్నా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, వస్తున్న నొప్పులు ఒక్కసారిగా ఆగిపోయినా వెంటనే కేక వేసి చెప్పాలి. ఇంట్లో నొప్పులు మొదలైతే “ఇంకా టైమ్ ఉందిలే” అని కూర్చోవద్దు. ఉమ్మనీరు పోయినా, నొప్పులు మొదలైనా బయలుదేరు.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ విషయంలో నాకు కొంచెం కోపమే వచ్చింది. “పనిలో పనిగా” చేసేది కాదు అది. దానికి కావాల్సింది నీ ఒప్పుకోలు. ప్రభుత్వ నిబంధనల ప్రకారం భర్త సంతకం కూడా అక్కర్లేదు, ఇక అత్తగారిదెక్కడ? మత్తులో ఉన్నప్పుడు, ఒత్తిడి పెట్టి ఆ ఒప్పుకోలు తీసుకోకూడదు. కాన్పు తర్వాత 48 గంటల్లోపు కాపర్-టీ కూడా వేస్తుంటారు. మంచి పద్ధతే, కానీ తనకు వేశారన్న సంగతి తెలియకుండా ఇంటికి వెళ్లిన బాలింతల్ని చూశాను. నువ్వూ మీ ఆయనా ఈ నెలలోనే కూర్చుని మాట్లాడుకోండి. ఇద్దరితో చాలనుకుంటే నువ్వు చేయించుకోవచ్చు. ఆయన చేయించుకోవచ్చు, మగవాళ్లది ఇంకా చిన్న ఆపరేషన్, పొట్ట కోయక్కర్లేదు. ఇప్పుడే తేల్చుకోలేకపోతే తర్వాత చూసుకోవచ్చు. ఏది అనుకున్నా ఆ కాగితంలో ఒక వాక్యం చేర్చు: “పిల్లల ఆపరేషన్, కాపర్-టీ ఈ కాన్పులో వద్దు” అనో, “కావాలి” అనో.

మీ ఆయన గురించి ఒక మాట. అమ్మ ముందు నోరు విప్పని మనిషికి “మాట్లాడండి” అని చెబితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. పని అప్పజెప్పు. ఆయన పర్లాకిమిడిలో పెరిగిన మనిషి, ఒడియా చదవడం రాయడం వచ్చే ఉంటుంది. నీ తెలుగు కాగితాన్ని ఒడియాలో రాసిపెట్టమను. రాస్తున్నప్పుడు ప్రతి వాక్యం ఆయనకు అర్థం కావాలి, నిన్ను అడగాలి, ఇద్దరూ మాట్లాడుకోవాలి. ఆ పేజీ పూర్తయ్యేసరికి ఆయనకూ ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. ఆసుపత్రిలో ఒడియా కాగితం పెట్టి “సహి” అన్నప్పుడు చదివి నీకు తెలుగులో చెప్పడం, నువ్వు సరే అన్నాకే కాగితం నీ చేతికివ్వడం ఆయన పనే. రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరిని మాట్లాడి ఉంచడం, రాత్రి సరిహద్దు దాటి వెళ్లాల్సి వస్తే సొంత బండి సిద్ధంగా ఉంచడం కూడా ఆయనకే చెప్పు.

డిశ్చార్జి కాగితం, స్కానింగులు, తల్లీబిడ్డల కార్డు, నువ్వు రాసిన పేజీ, అన్నింటికీ ఫోటోలు తీసి నీ ఫోన్‌లో, మీ ఆయన ఫోన్‌లో, అమ్మ ఫోన్‌లో పెట్టు. ఆ రాత్రి పాప ఎవరి దగ్గర పడుకోవాలో కూడా ఇప్పుడే అనుకోండి. అత్తగారి దగ్గరే ఉండనిస్తే మంచిదని నాకనిపిస్తోంది. మనవరాలిని ఆమెకు అప్పజెప్పి, “మీరు పాపను చూసుకుంటే నాకు ధైర్యంగా ఉంటుంది అత్తయ్యా” అని చెప్పి బయలుదేరు.